ఆటలు నిర్మించు విద్య

ఆట యనగానే మన యిండ్లలో రెండు విధములైన మాటలు వినబడును. పసివారి విషయమున నది ముద్దు. చదువుకొను వయస్సు వచ్చినవారి విషయమున నది చేటు. మన యితిహాసములు సైతము ఆ భయమును పెంచినవే. నలుడు పాచికలాడి రాజ్యమును పోగొట్టుకొనెను. ధర్మరాజు ద్రౌపదినే యొడ్డెను. కావున నేడు పదునేడేండ్ల బిడ్డ యెదుట నిలిచి, "అమ్మా, నేను వీడియో ఆటలు తయారుచేయు పనిలో చేరెదను" అని పలికినచో, ఆ తల్లి గుండె గుభిల్లుమనుటలో వింత లేదు.

మా వారు ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులు. పరీక్షా ఫలితములు వెలువడు దినములలో తల్లులు పలువురు మా యింటికి వచ్చి, వారి నడుగ సంకోచించిన సంగతులు నన్నడుగుచుందురు. కొన్ని యేండ్లుగా ఈ ప్రశ్నయు తఱచుగా వచ్చుచున్నది. అది చదువా? అది బ్రతుకుతెరువా? ఆడపిల్లకు తగునా? సోదరీమణులారా, ఈ మూడింటికిని నేను తెలిసికొన్నంతలో సమాధానము వ్రాయ బూనితిని.

మొదట నొక భేదమును గ్రహింపవలయును. ఆటలాడుట వేఱు, ఆటను నిర్మించుట వేఱు. వైకుంఠపాళి పటమును తలచుకొనుడు. గవ్వలు వేసి కాయను జరుపుటకు పెద్ద బుద్ధితో పనిలేదు. కాని ఆ పటమును గీసినవారు ఏ గడిలో పామును పెట్టవలయునో, ఏ నిచ్చెన యెంత పొడవుండవలయునో యోచించియుందురు. పాములు హెచ్చైనచో ఆడువారు విసిగి లేచిపోవుదురు. నిచ్చెనలు హెచ్చైనచో గెలుపునకు రుచి యుండదు. ఆ పాళము తెలియుటయే ఆటను నిర్మించు విద్య. తినుటకును వండుటకును గల భేదమే యిచ్చటను గలదు. రోజునకు నాలుగు గంటలు సెల్‌ఫోనులో ఆటలాడు బాలుడు భోక్త మాత్రమే; అంతమాత్రమున పాకశాస్త్రజ్ఞుడు కాడు.

ఇక నా పాకశాలలో ఎన్ని పనులున్నవో చూతము. ఆట నియమములను కూర్చువారు డిజైనర్లు. ఆ నియమములను కంప్యూటరునకు తెలియు భాషలో వ్రాయువారు ప్రోగ్రామర్లు. ఎగిరిన బంతి యెట్లు క్రింద పడవలయునో లెక్కకట్టి చెప్పవలసినది వీరే గనుక, వీరికి గణితము, భౌతికశాస్త్రము కావలయును. కోటలను, అడవులను, పాత్రలను గీయువారు చిత్రకారులు. ఆ పాత్రలకు నడక నేర్పువారు యానిమేటర్లు. కథ వ్రాయువారు, సంగీతము కూర్చువారు, ఒక భాషనుండి మఱియొక భాషకు మార్చువారు వేఱుగా నుందురు. ఆటను వందలమార్లు ఆడి తప్పులు పట్టి వ్రాసి యిచ్చువారు టెస్టర్లు. చూచుటకు విలాసమువలె నున్నను, ఒకే గోడను నూఱుమార్లు తాకి అది యెచ్చట బీటవారునో కనిపెట్టునంతటి ఓర్పు ఆ పనికి కావలయును. కావున "ఆటల పరిశ్రమలో చేరెదను" అను బిడ్డను, "ఇందులో నీ పని యేది?" అని మొదట నడుగవలయును.

ఆడువారికి తగునా యను ప్రశ్నకు చరిత్రయే సమాధానము చెప్పుచున్నది. అమెరికాలో రాబర్టా విలియమ్స్ అను గృహిణి, ఇద్దఱు పసిబిడ్డల తల్లి, అక్షరములు మాత్రమే కనిపించు ఒక కంప్యూటరు ఆటనాడి ముగ్ధురాలయ్యెను. ఇట్టి ఆటకు బొమ్మలేల యుండరాదని తలచి, వంటయింటి బల్లయొద్ద కూర్చుండి కథను అల్లి, గదుల పటములను గీసెను. భర్త కెన్ దానిని ఆపిల్ కంప్యూటరునకు ప్రోగ్రాముగా వ్రాసెను. అట్లు 1980లో ‘మిస్టరీ హౌస్’ అను ఆట వెలువడెను. దానిని ప్లాస్టిక్ సంచులలో పెట్టి యమ్మిరి. ఆ దంపతుల సంస్థయే పిదప సియెరా ఆన్‌లైన్ అను పేర ప్రసిద్ధి కెక్కెను. 1984లో ఆమె కల్పించిన ‘కింగ్స్ క్వెస్ట్’ జానపదకథలనుండి పుట్టినది. ఆమె ప్రోగ్రామరు కాదు. కథ తెలిసినది, చిక్కుముడి వేయుట తెలిసినది.

కేరల్ షా త్రోవ వేఱు. బర్క్‌లీ విశ్వవిద్యాలయమున కంప్యూటరు విద్య నభ్యసించి 1978లో అటారీ సంస్థలో చేరెను. 1982లో యాక్టివిజన్ సంస్థకై ఆమె నిర్మించిన ‘రివర్ రెయిడ్’ అను ఆటలో ఒక విమానము నదిపై పోవుచుండును. ఆట మొత్తము నాలుగు కిలోబైట్లలో నిమిడినది. అనగా ఇంచుమించు నాలుగు వేల ఇంగ్లీషు అక్షరములు పట్టు చోటు. అంత యిఱుకు చోట పొడవైన నదిని చిత్రించి దాచుట కుదరదు గనుక, తీరములను ఎప్పటికప్పుడు లెక్కకట్టి పుట్టించు సూత్రమును ఆమె వ్రాసెను. గుప్పెడు బియ్యముతో పదిమందికి సరిపెట్టు ఇల్లాండ్రకు ఈ నేర్పు చక్కగా బోధపడును.

జపానులో యోకో షిమోమురా కథ తల్లిదండ్రులు వినదగినది. ఆమె ఒసాకా సంగీత కళాశాలలో చదివి 1988లో పట్టము పొందెను. పియానో పాఠములు చెప్పుకొనుచు కుదురుకొనవలసిన ఆ యువతి, క్యాప్‌కామ్ అను ఆటల సంస్థలో సంగీతము కూర్చుటకు చేరెను. ఆ కాలమున ఆటల సంగీతమునకు గౌరవము లేదు; కన్నవారు ఖేదపడిరి. 1991లో వచ్చిన ‘స్ట్రీట్ ఫైటర్ 2’ సంగీతములో అధికభాగము ఆమెదే. 2002 నాటి ‘కింగ్‌డమ్ హార్ట్స్’ కొఱకు ఆమె కూర్చిన బాణీలను తరువాతి కాలమున పెద్ద వాద్యబృందములు సభలలో వాయించినవి. ఆ తల్లిదండ్రులను నిందింప బనిలేదు. ఎఱుగని త్రోవన బిడ్డ పోవునప్పుడు వెఱచుట సహజము. కాని ఆమె చేత పూర్తిగా నేర్చిన విద్య యొకటి యుండెను. ఆమెను నిలిపినది ఆ విద్యయే.

మనవారును ఈ రంగమున వెనుకబడి లేరు. పూణేలోని నోడింగ్ హెడ్స్ సంస్థవారు ‘రాజీ’ అను ఆటకై 2017లో ప్రజలనుండి చందాలు కోరగా, కోరిన మొత్తము సమకూడలేదు. ఐనను పట్టు విడువక 2020లో దానిని వెలువరించిరి. అసురులు ఎత్తుకొనిపోయిన తమ్ముని విడిపింప నొక బాలిక చేయు పోరాటమే దాని కథ. రాజస్థానపు కోటల పోకడయు, పహాడీ చిత్రముల తీరును అందు కనబడును. కెనడాలోని టొరాంటో నగరమునుండి 2023లో వచ్చిన ‘వెంబా’ మఱింత హృద్యము. వలసపోయిన తమిళ ఇల్లాలు, తన తల్లి వంటపుస్తకములో చెఱిగిపోయిన వరుసలను ఊహించుకొనుచు ఇడ్లీలు మొదలైనవి వండును. ఆ లోపమును పూరించుటయే ఆడువారి పని. స్వతంత్రముగా నిర్మించిన ఆటలకు జరుగు ఐ.జి.ఎఫ్. పోటీలో 2024లో దానికి అత్యున్నత బహుమతి లభించినది. ఒక తల్లి వంటయే అందు కథావస్తువగుట మనము గమనింపదగినది.

ఇంతవఱకు వెలుగు చెప్పితిని, నీడయు చెప్పవలయును. 1983లో అమెరికాలో ఈ వ్యాపారము కుప్పకూలినది. 2023, 2024 సంవత్సరములలో లోకమంతట ఆటల సంస్థలు వేలకొలది ఉద్యోగులను తొలగించినవి. ఆట వెలువడు గడువు దగ్గఱపడినప్పుడు రాత్రింబవళ్లు పనిచేయించు ఆచారమొకటి కలదు. దానిని ‘క్రంచ్’ అందురు. ఎరిక్ బారోన్ ఒంటరిగా ‘స్టార్‌డ్యూ వ్యాలీ’ని నిర్మించి 2016లో గొప్ప ధనమును, కీర్తిని పొందెనని పిల్లలు ఉత్సాహముతో చెప్పుదురు. ఆ పనికి నాలుగేండ్లకు పైగా పట్టెననియు, ఆ కాలమున ఇంటి ఖర్చులకు అతని సహచరి సంపాదన అండగా నిలిచెననియు వారికి మనము గుర్తుచేయవలయును. పెక్కురి ఆటలకు అట్టి ఫలము దక్కదు. కావున ఆటల సంస్థలకే గాక యితర సంస్థలకును పనికివచ్చు విద్యను, అది ప్రోగ్రామింగో, చిత్రలేఖనమో, సంగీతమో, చేతబట్టుకొని ఈ త్రోవన దిగుట క్షేమము.

జూదమునకును దీనికిని ముడిపెట్టుట మాత్రము తగదు. డబ్బు పందెము కట్టు ఆన్‌లైన్ ఆటలు వేఱు. వానిని తెలంగాణము 2017లో, ఆంధ్రప్రదేశము 2020లో నిషేధించినవి. 2025 ఆగస్టులో కేంద్రమును చట్టము చేసినది. ఇక ఆడుటయే వ్యసనమై, అదుపు తప్పి, చదువు, నిద్ర, స్నేహము పాడగు స్థితిని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో వ్యాధుల పట్టికలో చేర్చినది. అట్టి బిడ్డకు వైద్యుని సలహా కావలయును. "ఆటల ఉద్యోగము" అను సాకు చెప్పిన మాత్రమున ఊరకుండరాదు.

మఱి బిడ్డ కోరిక నిజమో, సాకో తెలియుటెట్లు? నేను చెప్పు పరీక్ష యొక్కటే. "సెలవులలో ఒక చిన్న ఆటను మొదలునుండి తుదివఱకు నీవే నిర్మించి చూపుము" అని యడుగుడు. దీనికి ఖరీదైన శిక్షణాలయములతో పనిలేదు. ‘గోడో’ అను ఆటల నిర్మాణసాధనమును, ‘బ్లెండర్’ అను చిత్రసాధనమును ఉచితముగా లభించును; ఇంట సాధారణమైన కంప్యూటరున్న చాలును.

మా వీధిలో ఇంటర్మీడియేటు చదువు బాలిక యొకతె మొన్నటి వేసవిలో పులిజూదమును కంప్యూటరులో ఆడునట్లు చేసినది. మూడు పులులు, పదునైదు మేకలు. తన అమ్మమ్మను కూర్చుండబెట్టి, నోట మాట లేక ప్రక్కన నిలిచి చూచినది. అమ్మమ్మకు ఏ మేకను ఎట్లు కదపవలయునో బోధపడలేదు. "ఇదేమి ఆటే, నా మేక కదలదే!" అని ఆమె విసిగికొనెను. పిల్ల చిన్నబోయినది గాని, మరునాడు ఆ భాగము చెఱిపి మఱల వ్రాసినది. ఇట్లు మూడుమార్లు మార్చిన పిదప అమ్మమ్మ భోజనము మఱచి ఆడినది. ఆ నాడే పిల్ల తల్లి కంప్యూటరు ఇంజినీరింగు చదివించుటకు సమ్మతించినది. ఆమెను ఒప్పించినది ఆట అందము కాదు; తప్పు చెప్పినప్పుడు అలుగక దిద్దుకొన్న తీరు.

ఇట్లు ముగించిన చిన్న పనులు నాలుగైదు కూర్చి పెట్టుకొన్నచో, ఉద్యోగమిచ్చువారు చూడగోరునది దానినే. పట్టభద్రులైన పిదప మఱింత చదువగోరువారికి బెంగుళూరులోని జాతీయ డిజైను సంస్థలో డిజిటల్ ఆటల రూపకల్పనకే ప్రత్యేకమైన ఉన్నత విద్య కలదు. ప్రవేశ పరీక్ష వ్రాయవలయును.

ఆడపిల్లను పంపు తల్లులకు మఱియొక మాట. ఈ పరిశ్రమలో స్త్రీలపట్ల వివక్ష జరుగుచున్నదని పరదేశములలో న్యాయస్థానముల వఱకు పోయిన వ్యాజ్యములున్నవి. మన దేశమున 2013 నాటి చట్టము ననుసరించి, పదిమంది గాని అంతకెక్కువ గాని పనిచేయు ప్రతిచోట స్త్రీల ఫిర్యాదులను విచారించు అంతర్గత సంఘముండవలయును. జీతమెంత యని యడిగినట్లే, ఆ సంఘము కలదా యని యడుగుట నేర్పి పంపుడు.

బిడ్డ కోరికను వినినంతనే కాదనుట సులభము. ఔననుట అంతకన్న సులభము. ఈ రెండును విడిచి, పని చేయించి చూచి నిర్ణయించుట కష్టమైనను తల్లికి తగిన మార్గము. ముగించిన ఆటను తెచ్చి యెదుట పెట్టినప్పుడు, సోదరీమణులారా, పొయ్యి తగ్గించి వచ్చి కూర్చుండి దానిని ఆడి చూడుడు. బాగుగ లేనిచో బాగుగ లేదని చెప్పుడు. మఱునాడు బిడ్డ యేమి చేయునో దానినిబట్టి మీకు సమాధానము దొరకును.