నవ్వుకూ ఒక చూరు కావాలి

1880లో ధార్వాడ నాటక సమాజం ఒకటి రాజమండ్రి వచ్చింది. పాక వేసుకుని కొన్నాళ్లు ఆడి, సరంజామా సర్దుకుని వెళ్లిపోయింది. వాళ్లు విడిచిపోయిన ఆ పాకలో కందుకూరి వీరేశలింగం తన విద్యార్థుల చేత నాటకం ఆడించారు. ఆయన ఎంచుకున్నది ‘చమత్కార రత్నావళి’, షేక్‌స్పియర్ ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’కు ఆయనే చేసిన తెలుగు. ఒకే పోలికతో ఉన్న మనుషులు ఒకరి బదులు ఒకరు చిక్కుల్లో పడే కథ అది. ఆధునిక తెలుగు రంగస్థలం వేసిన తొలి అడుగుల్లో ఒకటి అలా హాస్యనాటకంతో, పరాయివాళ్ల పాకలో పడింది. ఈ ముచ్చట నాటక చరిత్రల్లో తరచూ కనిపిస్తుంది. దీని పక్కనే పెట్టి చూడవలసిన సంగతి ఇంకొకటి ఉంది. పదేళ్లయ్యేసరికి, 1890లో, అదే వీరేశలింగం అదే ఊళ్లో టౌన్ హాలు కట్టించారు. జనం ఒకచోట కూడి వినడానికీ మాట్లాడుకోవడానికీ ఊరికి సొంత చూరు ఉండాలని ఆయన పట్టుబట్టారు. పాకలో మొదలుపెట్టగలిగిన మనిషి పాకతో సరిపెట్టుకోలేదు.

ఒడిశాలోని బరంపురంలో తెలుగు నాటకం గురించి మాట్లాడాలంటే ఆ పదేళ్ల ప్రయాణాన్ని తలచుకోక తప్పదు. తెలుగువాళ్లు తరతరాలుగా స్థిరపడిన ఊరు ఇది. మాజీ రాష్ట్రపతి వి.వి.గిరి 1894లో పుట్టింది ఇక్కడే, ఊళ్లో గిరి మార్కెట్ ఆయన పేరును రోజూ పలికిస్తుంది. ఆంధ్ర భాషాభివర్ధనీ సమాజం, వికాసం వంటి సంస్థలు ఇక్కడి తెలుగుకు అండగా నిలిచాయి. అయినా నలుగురు ఉద్యోగులు, ఇద్దరు దుకాణదారులు, ఒక టీచరు, ఇద్దరు కాలేజీ పిల్లలు కలిసి ఒక తెలుగు హాస్యనాటకం ఆడదామనుకుంటే మొదట వెతుక్కోవలసింది కథ కాదు, చోటు. రిహార్సల్‌కు ఒకరి ఇంటి డాబా, ప్రదర్శనకు అద్దె హాలు, పరదాలూ మేకప్ పెట్టే దాచడానికి ఇంకెవరి ఇంట్లోనో అటక. ఊరూరా ఔత్సాహిక నాటక సమాజాలు పడే పాటు ఇదే. బరంపురంలో మాత్రం దీన్ని ఒక సమాజం సొంత తిప్పలుగా చూసి వదిలేయకూడదని నా వాదన. ఇక్కడ తెలుగు హాస్యానికి ఇల్లు లేకపోతే పోయేది ఒక సాయంత్రపు వినోదం కాదు, ఒక మాట తీరు.

హాస్యానికే ఇంత పట్టింపు ఎందుకన్నది న్యాయమైన ప్రశ్న. పౌరాణిక పద్యనాటకం మైదానంలో బతకగలదు. కథ అందరికీ తెలుసు, పద్యం చాలామందికి నోటికి వచ్చు, హార్మోనియం శ్రుతి అందుకుంటే చివరి వరసలో కునుకు తీస్తున్నవాడు కూడా రాగానికి లేచి కూర్చుంటాడు. మధ్యలో ఒక మాట గాలికి పోయినా రాయబారం ఆగదు. సాంఘిక హాస్యానికి ఆ వెసులుబాటు లేదు. ఒక పాత్ర అన్న మాటకు, రెండో పాత్ర తిరిగి అందుకునే మాటకు మధ్య ఉన్న చిన్న ఎడంలో నవ్వు పుడుతుంది. ఆ ఎడంలోకి వీధిలో వెళ్లే ఆటో హారన్ దూరితే నవ్వు చచ్చిపోతుంది. నటుడి కనుబొమ కనిపించాలి, ‘ఆఁ’ అన్నది వినిపించాలి. పక్కవాడి నవ్వు మన నవ్వును రాజేయాలంటే మనుషులు దగ్గర దగ్గరగా కూర్చోవాలి. అంతకంటే ముఖ్యంగా, ఆ ఎడం ఎంత ఉండాలో నటులకు కాగితం చెప్పదు. ఒకే గదిలో, ఒకే కొలతల వేదిక మీద, మళ్లీ మళ్లీ ఆడితేనే తెలుస్తుంది. నాటక రంగంలో దీన్నే టైమింగ్ అంటారు. వారానికో డాబా మారే సమాజానికి పద్యం పట్టుబడుతుందేమో గాని టైమింగ్ పట్టుబడదు.

రెండో కారణం ఈ నేలకే చెందింది. తెలుగు సాంఘిక హాస్యానికి ప్రాణం వాడుకభాష, ఆ వాడుకభాష పోరాటం పెరిగింది పాత గంజాం జిల్లాలో. మద్రాసు రాజధానిలో ఉన్న ఆనాటి గంజాం ఇటు శ్రీకాకుళాన్ని, అటు పర్లాకిమిడిని, పైన బరంపురాన్ని కలుపుకుని ఉండేది. గిడుగు రామమూర్తి పర్లాకిమిడి రాజావారి విద్యాసంస్థలో దశాబ్దాలు పాఠం చెబుతూనే సవర భాష నేర్చారు. నోటిమాటకు ఉన్న విలువ ఆయనకు అక్కడే తెలిసివచ్చింది. విజయనగరంలో ఆయనతో చదువుకున్న గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ 1892లో రంగం ఎక్కింది, 1897లో అచ్చయింది, 1909లో దాదాపు కొత్త నాటకంలా పెరిగి మళ్లీ వచ్చింది. మొదటి ప్రదర్శనకూ రెండో కూర్పుకూ మధ్య పదిహేడేళ్లు. జగన్నాథ విలాసినీ సభ వంటి నాటక సమాజం, సంస్థానం ఆదరణ, ఊళ్లోనే తయారైన ప్రేక్షకులు లేకుండా ఆ నాటకంలో గిరీశం అంతటివాడు అయ్యేవాడని నేను అనుకోను. ఇక తాపీ ధర్మారావు పుట్టింది 1887లో, బరంపురంలోనే. పర్లాకిమిడిలో గిడుగువారి శిష్యుడు, ఖల్లికోట కళాశాలలో అధ్యాపకుడు. 1911 ప్రాంతంలో స్నేహితులతో కలిసి బరంపురంలో వేగుజుక్క గ్రంథమాల నడిపిన ఆయనే 1938లో ‘మాలపిల్ల’కు సంభాషణలు రాసి తెలుగు తెరకు ఇంటి మాటలు అలవాటు చేశారు. తెలుగువాడు తన నోటిమాటకు సిగ్గుపడనక్కరలేదని చెప్పినవాళ్లలో ఇంతమంది ఈ చుట్టుపక్కలవాళ్లే. ఆ మాటకు ఇక్కడే ఇల్లు లేకపోవడం నన్ను బాధిస్తుంది.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైంది. గంజాం చాలావరకు అందులో కలిసింది, శ్రీకాకుళం వైపు తాలూకాలు మద్రాసులో ఉండిపోయాయి. పర్లాకిమిడి ఒడిశాలో కలిసిన ఆ ఏడాదే గిడుగు, డెబ్బై దాటిన వయసులో, ఊరు విడిచి రాజమండ్రి చేరారు. ఒడియా ప్రజలకు తమ రాష్ట్రం దక్కడం న్యాయమే, దాన్ని ఇప్పుడు తిరగదోడేది ఏమీ లేదు. కానీ నాటకానికి జరిగింది వేరు. ఆనాటి నాటక సమాజాలను నడిపింది ఎక్కువగా ప్లీడర్లు, గుమాస్తాలు, పంతుళ్లు, జమీందార్లు. ఆఫీసు భాష, బడి భాష మారిన చోట ఆ వర్గం అండ కూడా పలచబడుతుంది. దీనికి ఎదురు ఉదాహరణ బళ్లారి. 1953లో బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. అక్కడ ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, బళ్లారి రాఘవ వేసిన పునాది గట్టిదే. అయితే రాఘవ పేరిట కళామందిరం కూడా ఉంది. సరిహద్దు మారినా ఆ వేదిక మీద తెలుగు, కన్నడం రెండూ పలికాయి. గొప్ప నటులు ఉండడం అదృష్టం. భవనం అలా కాదు, పూనుకుంటే కట్టుకోగలిగింది.

దీనికి గట్టి ఆక్షేపణ గంజాం జానపదం నుంచే వస్తుంది. ఇక్కడి ఆటలన్నీ ఆరుబయటే బతికాయి కదా అంటారు. నిజమే. ప్రహ్లాద నాటకం మెట్ల మెట్ల వేదిక కట్టుకుని, పైమెట్టు మీద హిరణ్యకశిపుణ్ణి నిలబెట్టి, తెల్లవార్లూ సాగుతుంది. దాని కర్తగా చెప్పే రాజుది జలంత్ర సంస్థానం. ఆ జలంత్రకోట ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉంది, నాటకం మాత్రం ఒడియాలో, గంజాం పల్లెల్లో వర్ధిల్లుతోంది. భారతలీలలో అర్జునుడు, సుభద్ర, సత్యభామ ఉన్నా ఆటంతా నడిపేది ద్వారి, నవ్వించే ద్వారపాలకుడు. మన వీధి నాటకంలో వాకిట నిలబడి నవ్వించే కటికవాడికి దగ్గరి చుట్టం. దండనాటలో పిట్టలు పట్టే చఢెయా, చఢెయానీల జంట ఊరిని నవ్విస్తుంది. ఇల్లు లేకుండా హాస్యం బతుకుతుందనడానికి ఇవన్నీ సాక్ష్యాలే. కానీ వీటికి గోడలు లేవు గాని తేదీలు ఉన్నాయి. చైత్రం వస్తే దండనాట వస్తుంది. మొక్కు ఉంది, ఊరి చందా ఉంది, తాత నుంచి మనవడికి దిగే పాత్ర ఉంది. ఆ పంచాంగమే వాటికి కప్పు. సాంఘిక హాస్యనాటకానికి ఏ దేవుడూ తిథి రాసిపెట్టలేదు. ఆ ఏడాది ఆడకపోతే ఊరికి అరిష్టమని ఎవరూ భయపడరు. పంచాంగం ఇవ్వని ఆసరా దానికి కట్టడమే ఇవ్వాలి.

బరంపురం బుఢీ ఠాకురాణి యాత్ర చూసినవాళ్లకు ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. రెండేళ్లకోసారి, చైత్రంలో, అమ్మవారు గుడి విడిచి దేశిబెహరా వీధిలో పుట్టింటికి వస్తుంది. ఆమెను కూతురిగా పిలిచేది నేతపనివాళ్ల పెద్ద. వాళ్ల పూర్వీకులు రాజమండ్రి వైపు నుంచి వచ్చినవాళ్లని చెప్పుకుంటారు. వారాల తరబడి అమ్మవారు తాత్కాలికంగా కట్టిన గుడిలో ఉంటుంది, ఊరు ఊరంతా పులులై, శివులై, కృష్ణులై వేషాలు కడుతుంది. ఇంతకంటే పెద్ద నాటకశాల ఆంధ్రలోనూ అరుదు. అయితే యాత్ర ముగిశాక ఆమె వెళ్లడానికి గుడి ఉంది. తిరిగి వెళ్లే చోటు ఉన్నందుకే పందిట్లో కొలువు వేడుకైంది. ఏడాది పొడుగునా పందిరే గతి అయితే దాన్ని వేడుక అనం. పైగా ఇక్కడి పందిరికి సముద్రపు గాలి గండం కూడా ఉంది. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుపాను తీరం దాటింది గోపాల్‌పూర్ దగ్గరే.

ఊళ్లో హాళ్లు లేవా అనే మాట రెండోది. ఉన్నాయి. కవిసూర్య బలదేవ రథ్ పేరున టౌన్ హాలు ఉంది, కల్యాణ మండపాలు ఉన్నాయి. అద్దె హాలు ప్రదర్శన రోజుకు చాలు. నాటకం అంతకుముందు రెండు మూడు నెలలు బతకాలి. అద్దె రోజుకు ఇంత అని లెక్కపడితే ఏ సమాజమైనా ఒక్క ఆటతో ఆపేస్తుంది. మొదటి ఆటలో ఎక్కడ నవ్వారో, ఎక్కడ నవ్వలేదో చూసి దిద్దుకునే రెండో ఆట, మూడో ఆట ఉండవు. హాస్యనాటకం కుదుటపడేది ఆ తర్వాతి ఆటల్లోనే. అంతేకాదు, అద్దె భారం నాటకాన్నే మారుస్తుంది. ఖర్చు రాబట్టుకోవాలంటే నాటక పరిషత్తు పోటీలకు వెళ్లాలి, బహుమతి రావాలంటే బరువైన ఇతివృత్తం కావాలి. నవ్వించే నాటకం పక్కకు జరుగుతుంది. ఇల్లు లేని సమాజం ఏడిపించే నాటకాల వైపు మొగ్గడంలో ఆశ్చర్యం లేదు.

మూడో ఆక్షేపణ నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. పిల్లలు ఒడియాలోనో ఇంగ్లీషులోనో చదువుతున్నారు, తెలుగు అక్షరాలు రావు, ఎవరి కోసం ఈ హాలు అని. నాకు తోచే జవాబు సరిగ్గా దీనికి తలకిందులు. అక్షరం రాని చోట పుస్తకం చేయలేని పని నాటకం చేస్తుంది. తెలుగు చదవలేని పిల్లవాడు తెలుగు వినగలడు, నాయనమ్మతో పోట్లాడగలడు, తన మాటలు ఒడియా లిపిలో రాసుకుని వేషం కట్టగలడు. అతనికి అందుబాటులో ఉన్న తెలుగు సాహిత్యం ఏదైనా ఉంటే అది చెవి ద్వారా వచ్చేదే. సెల్‌ఫోన్‌లో తెలుగు హాస్యం కావలసినంత దొరుకుతుందన్నదీ నిజమే. అందులో మన యాస ఎలా వినిపిస్తుంది? ‘ఏటి’ అన్నవాడు, ‘గుంటడు’ అన్నవాడు చాలాసార్లు పనివాడో, అమాయకుడో. వేరే ఊరివాళ్లు నవ్వడానికి పెట్టిన పాత్ర. ఒడియా మాట కలిసిన బరంపురం తెలుగైతే అక్కడ అసలే వినిపించదు. అదే యాసలో డాక్టరు, ప్రేమికురాలు, లంచం పుచ్చుకునే అధికారి, వాణ్ణి బోల్తా కొట్టించే ముసలమ్మ మాట్లాడితే ఊరు తనను చూసి తాను నవ్వుకుంటుంది. ఆ నవ్వులో చిన్నతనం ఉండదు.

ఒడిశాలో తెలుగువాళ్లకు విడిగా నాటకశాల ఎందుకు, గోడలు పెంచడానికా అని అడిగేవాళ్లతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. విడిగా వద్దు. కటక్, పూరీల్లో అన్నపూర్ణ థియేటర్లు వెలిగిన కాలం దాటిపోయాక ఒడియా ఔత్సాహిక నటులకూ చోటు సమస్యే. రెండు భాషలూ పంచుకునే, నూట యాభై, రెండు వందల మంది పట్టే చిన్న గది చాలు. వేదిక కంటే ముందు రిహార్సల్ గది, సామాను గది కట్టాలి. గాలివానలో పక్క వీధులవాళ్లు తలదాచుకునేంత గట్టిగా కట్టాలి. తీరం వెంట తుపాను ఆశ్రయాలు మామూలు రోజుల్లో బడులుగా పనికొస్తున్నట్టే, ఇదీ రెండు పనులకూ పనికొస్తుంది. చిన్న స్టూడియో థియేటర్లు కట్టుకునే సంస్థలకు సాయం చేయడానికి కేంద్ర సాంస్కృతిక శాఖ పథకం పెట్టింది. మహానగరాలు కాని ఊళ్లకు అందులో గరిష్ఠ పరిమితి 25 లక్షల రూపాయలు. దానికి రిజిస్టరైన సంస్థ కావాలి, స్థలం కాగితాలు కావాలి, సొంత వాటా కావాలి. తెలుగు సంఘం ఒకటి, ఒడియా నాట్య సంఘం ఒకటి కలిసి దరఖాస్తు పెడితే నగరపాలక సంస్థ స్థలం అడగడానికి ఇద్దరికీ బలం. తలుపులు తెరిచిన రోజు ఏం ఆడాలన్నది వాళ్లిష్టం. నాకైతే భారతలీల ద్వారి, వీధి నాటకం కటికవాడు ఇద్దరూ ఒకే గుమ్మం దగ్గర ఎదురుపడి, లోపలికి ముందు ఎవరు వెళ్లాలో ఒకరు ఒడియాలో, ఒకరు తెలుగులో తేల్చుకునే ఆట చూడాలని ఉంది.