కొత్త మాట – నిర్వచనం – పక్షం

కొత్త మాటలు పుట్టించి, వాటికి నిఘంటువు ఫక్కీలో అర్థాలు రాయడం వట్టి కాలక్షేపమని మన రచయితల్లో చాలామంది అభిప్రాయం. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. కోరుట్లలో కొందరు యువ రచయితలతో కూర్చుని ఆ ఆట ఆడాక అభిప్రాయం మార్చుకున్నాను.

మొదట నేను మరమగ్గానికి 'వస్త్రయంత్రిణి' అని పేరు పెట్టాను. సిరిసిల్ల నుంచి వచ్చిన కార్మికుడొకాయన నవ్వి, "దాన్ని మేం సాంచా అంటం గద సారూ" అన్నాడు. ఉర్దూలో అచ్చు అనే అర్థమున్న మాటను నేతపనివాళ్లు ఎప్పుడో తమది చేసుకున్నారు. అవసరం లేనిచోట పుట్టిన నా మాట అక్కడే పోయింది.

తర్వాత ఆయనే చెప్పాడు: 'వాయిదావారం – కూలి ఇస్తామన్న రోజు. వారంలో ఎనిమిదోది.' జగిత్యాల యువకుడొకడు: 'అరబ్బాకీ – గల్ఫు పోవడానికి చేసిన అప్పు. మనిషి విమానమెక్కుతాడు, అది ఊళ్లోనే ఉంటుంది.' బీడీలు చుట్టే ఇంటి అమ్మాయి: 'ఏరుబడి – బాగులేవని ఏరి పక్కన పెట్టిన బీడీలు. కూలి లెక్కలోకి రావు, చుట్టినవాళ్ల చేతికీ రావు.'

ఈ మూడూ ఎందుకు అతికాయి? సోమవారం, మంగళవారాల వరసలో వాయిదావారం ఒదిగింది. రాబడి, దిగుబడుల పక్కన ఏరుబడి నిలిచింది. అరబ్బు, బాకీ కలిసినచోట ధ్వని ఒకటే. 'మాయాబజార్' (1957)లో కంబళికి జోడుగా గింబళిని తెచ్చిన పింగళి నాగేంద్రరావు కిటుకూ ఇదే: వింత మాటకు తెలిసిన మాట తోడుండాలి. అమెరికన్ రచయిత ఆంబ్రోస్ బియర్స్ 1911 నాటి 'సైతాను నిఘంటువు'లో మరో దారి పట్టాడు. మాటలు పాతవే, అర్థాలు మాత్రం వాటి ముసుగు తీసేవి. మనవాళ్ల మాటల్లో ఈ రెండు పనులూ జరిగాయి.

ఇంకొకతను తాగి పడిపోయే నేతకార్మికుడి మీద ఒక మాట అల్లాడు. ఎవరూ నవ్వలేదు. "ఇది మా మాట కాదు, మా మీది మాట" అన్నాడు సిరిసిల్ల ఆయన. హాస్యానికీ పక్షం ఉంటుందని ఇంతకన్నా సూటిగా ఏ విమర్శకుడూ నాకు చెప్పలేదు.

నిర్వచించే అధికారం ఎవరిదన్నది చిన్న ప్రశ్న కాదు. 1978లో జగిత్యాల, సిరిసిల్ల పల్లెల్లో రైతుకూలీలు వెట్టి చెయ్యమన్నారు. దొరలు వసూలు చేసిన దండుగలు తిరిగి ఇమ్మన్నారు. ఆ ఏడాది అక్టోబరులోనే ప్రభుత్వం ఆ రెండు తాలూకాలనూ 'కల్లోలిత ప్రాంతాలు'గా ప్రకటించింది. వెట్టి సాగినన్నాళ్లూ శాంతి, వద్దంటే కల్లోలం. ఆ నిర్వచనం వెనుకే పోలీసు క్యాంపులు వచ్చాయి.

సాహిత్య విద్యార్థులకు ఒక సూచన. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో ప్రచురించిన 'మాండలిక వృత్తి పదకోశం' సంపుటాలు – వ్యవసాయం (1962), చేనేత (1971) – ముందు చదవండి. శ్రమజీవులు ఇప్పటికే పుట్టించిన మాటలేవో తెలుస్తాయి. తర్వాత మీరు కొత్తవి పుట్టించండి. పుట్టించిన మాటను ఆ పనిచేసేవాళ్ల ముందే పలికి చూడండి.