మరలివచ్చిన ఫార్మసిస్టు

వరంగల్లు ఎం.జి.ఎం. ఆసుపత్రి చీటి పట్టుకొని వచ్చు రోగికి మందిచ్చు ఫార్మసిస్టే కడపటి కావలి. కీళ్లవాతమునకు మెథోట్రెక్సేట్ మాత్ర వారమున కొకమారే వేసికొనవలెను. దినదినము మ్రింగిన ప్రాణాపాయము. ఆ మాట రోగికి నచ్చజెప్పవలసినది ఫార్మసిస్టే.

భారత ఫార్మసీ మండలి నియమము చొప్పున డిప్లొమా విద్యార్థికి 500 గంటల శిక్షణ కలదు. అందు కనీసము 250 గంటలు చీటి చూచి మందిచ్చుటయే. మఱి శిశుపోషణకై పదేండ్లు కొలువు మాని మరలివచ్చు సోదరి మాటేమి? నమోదుపత్రము కలదు, అభ్యాసము సన్నగిల్లినది.

వేదము వల్లె మానినవాడు గురుసన్నిధిని స్వరము దిద్దుకొనియే సభ కేగును. ఆమెయు కొన్ని వారములు అనుభవజ్ఞుని పర్యవేక్షణమున మొదట చూచి, పిదప ఆయనకు చూపి యిచ్చి, తుదకు తానై యీయవలెనని నా మనవి. ఇది అవమానము గాదు, రోగికి రక్ష.