బండికి అందం... కొంగుకు భద్రం

"పిన్నీ, నువ్వు కథలు రాస్తావుగా... మా షాపుకో మంచి పేరు పెట్టవూ?" అంటూ ఓ ఆదివారం మధ్యాహ్నం మా అక్క కొడుకు వచ్చి కూర్చున్నాడు. పప్పుకు పోపు పెడుతున్నదాన్ని గరిటెతోనే బయటికొచ్చాను. పిల్లలకు పేర్లు పెట్టాను, కథలకు పేర్లు పెట్టాను. మోటారు సైకిళ్ల షెడ్డుకు పేరేమిటి, ఏ దేవుడి పేరో పెడితే సరిపోదూ అనుకున్నాను.

సరిపోదట! వాడిది మామూలు మెకానిక్కు షెడ్డు కాదు. విజయవాడ ఆటోనగర్‌లో చిన్న రేకుల షెడ్డు. పాత బుల్లెట్లనూ కొత్త బళ్లనూ ఊడదీసి సీటు, ట్యాంకు, హ్యాండిలు, రంగు... అన్నీ బండిగలాయన ఇష్టప్రకారం మార్చి ఇస్తాడు. కస్టమ్ బైకులంటారట. కొలతలిచ్చి కుట్టించుకున్న జాకెట్టులాంటివన్నమాట, రెడీమేడ్ కాదు. ఇంజనీరింగు చదివి, చేస్తున్న ఉద్యోగం మానేసి, కోడలి గాజులు నాలుగూ బ్యాంకులో పెట్టి మొదలుపెట్టాడు. అందుకే నవ్వి ఊరుకోలేకపోయాను. ఆ పేరు నిలబడితేనే గాజులు ఇంటికొచ్చేది.

అత్తయ్య చేతి రాత

ఒప్పుకున్నాక నాలుగు పుస్తకాలు తిరగేశాను. ఒక సంగతి చదివి భలే ముచ్చటేసింది. అమెరికాలోని మిల్వాకీ పట్నంలో 1903లో హార్లే, డేవిడ్‌సన్ కుర్రాళ్లు ఓ చెక్క షెడ్డులో తమ మొదటి బండి తయారుచేశారు. దాని ట్యాంకు మీద పేరు రాసింది, ఎర్ర గీతలు గీసిందీ డేవిడ్‌సన్ సోదరుల అత్తయ్య జానెట్ అని చెబుతారు. ఇప్పుడు ప్రపంచమంతా గుర్తుపట్టే పేరు మొదట ఒక ఆడమనిషి కుంచెలోంచి వచ్చిందన్నమాట!

అంత దూరమెందుకు? 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైన మద్రాసునే చూడండి. తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో బుల్లెట్టు ట్యాంకు మీద బంగారు రంగు గీతలు చేత్తోనే గీసేవారు. స్కేలు లేదు, అచ్చు లేదు. కుంచె ఒక్క ఊపున సాగాల్సిందే. మన ముగ్గు గీతలాగే!

ఇంకో తమాషా. హార్లే కంపెనీ తమ ఇంజను చప్పుడుకే ట్రేడ్‌మార్కు ఇమ్మని 1994లో దరఖాస్తు పెట్టింది. పోటీ కంపెనీలు అడ్డుచెప్పాయి. చివరికి 2000లో దాన్ని వెనక్కి తీసుకుంది. అంటే ఒక బండికి గుర్తింపు తెచ్చేది బోర్డు మీది పేరొక్కటే కాదు. గీత, రంగు, ఆకారం, ఆఖరికి చప్పుడు కూడా.

పుర్రెలూ గద్దలూ

మావాడు రాసుకొచ్చిన పేర్లన్నీ ఇంగ్లీషువే. పక్కన పుర్రెలు, గద్ద రెక్కలు, నిప్పు మంటలు. "ఒరే, బెంజి సర్కిల్ దగ్గర ఆటో అతనికి ఈ పేరు చెప్పి మీ షాపుకు తీసుకెళ్లమంటే తీసుకెళ్తాడా?" అన్నాను. తల గోక్కున్నాడు.

ఇద్దరం కూర్చుని మూడు పరీక్షలు పెట్టుకున్నాం. ఫోనులో ఒక్కసారి చెబితే అవతలివాళ్లకు అర్థం కావాలి. షెడ్డు మీది బోర్డులోనూ, అంగుళమంత బిళ్ల మీదా ఒకేలా కనిపించాలి. రంగులు తీసేసి ఒట్టి ఇనుపరేకులో కోసినా గుర్తుపట్టాలి. ఈ మూడో పరీక్షకు గద్దలన్నీ ఎగిరిపోయాయి! చివరికి మా అమ్మమ్మ నోట విన్న ఓ రెండక్షరాల తెలుగు మాట మిగిలింది. అదేమిటో రాస్తే వ్యాసం కాస్తా ప్రకటనైపోతుంది కాబట్టి రాయను.

పేరు నచ్చగానే బోర్డు రాయించకూడదట. ట్రేడ్‌మార్కుల కార్యాలయం వెబ్‌సైటులో అలాంటిదే ముందెవరైనా నమోదు చేశారేమో చూసుకోవాలి. బళ్లకూ వాటి భాగాలకూ 12వ తరగతి, మరమ్మతు పనులకు 37వ తరగతి. నమోదైతే పదేళ్లు చెల్లుతుంది, తరువాత పొడిగించుకోవచ్చు.

నేనెక్కడ కూర్చోను?

పేరు కుదిరింది కదా, షెడ్డు చూసొద్దామని వెళ్లాను. ఓ నల్ల బండి నిగనిగలాడుతోంది. దగ్గరికెళితే వెనక సీటే లేదు! "దీన్ని బాబర్ అంటారు పిన్నీ" అన్నాడు. అమెరికాలో 1930, 40లలో కుర్రకారు బరువు తగ్గాలని వెనక మడ్‌గార్డు కత్తిరించి పారేసేవారట. అదే ఫ్యాషనైంది. పక్కనున్న బండికి అరచేయంత వెనక సీటుంది గానీ, పట్టుకోను కడ్డీ లేదు, చక్రానికి చీర గార్డు లేదు.

"నేనెక్కడ కూర్చోనురా? ఈ బండి కొన్నవాడికి పెళ్లాం లేదా, తల్లి లేదా?"

"గార్డు పెడితే అందం పోతుందంటారు పిన్నీ..."

నాకు మాట రాలేదు. పాతికేళ్ల కిందట సరిగ్గా ఆ మాటే అని మా బావగారు తన బుల్లెట్టుకు గార్డు తీయించేశారు. నేనప్పుడు ఎనిమిదో తరగతి. ఏలూరులో పెళ్లికెళ్లి వస్తుంటే అక్క కొంగు చక్రంలో చుట్టుకుంది. బండి మెల్లగా వెళుతోంది కాబట్టి ప్రాణం దక్కింది. మోచేతిలో మాత్రం స్టీలు ప్లేటు మిగిలింది. అప్పుడు ట్యాంకు మీద కూర్చున్న నాలుగేళ్ల పిల్లాడే వీడు! "మీ అమ్మ చెయ్యి చూడు" అన్నాను అంతే. తలొంచుకున్నాడు.

ఇది నా చాదస్తం కాదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది స్పష్టంగా చెబుతోంది. వెనక కూర్చునేవారికి పట్టుకునే కడ్డీ, పాదాలు ఆన్చుకునే పెడలు, బట్టలు చిక్కుకోకుండా వెనక చక్రంలో కనీసం సగాన్ని కప్పే గార్డు ఉండాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన ప్రమాణాలకు విరుద్ధంగా బండిని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ ఆ మాటే చెప్పింది. రంగు మార్చినా ఆర్‌సీలో రాయించుకోవాల్సిందే.

అట్టముక్కతో మొదలు

వారం తరువాత మావాడు ఓ అట్టపెట్టె పట్టుకొచ్చాడు. "పిన్నీ, అందం చెడని గార్డు చేద్దాం. మా షాపు గుర్తు దాని మీదే ఉంటుంది."

కోడలు టైలరింగు నేర్చుకున్న పిల్ల. ఆది జాకెట్టు పెట్టి కాగితం కత్తిరించినట్టు, బండికి అట్ట ఆనించి కొలతలు తీసింది. మొదటి నమూనాకు నేను మెలికల ముగ్గు గీసిచ్చాను. రేకులో కోయిస్తే ఎంత బాగుందో! కానీ కోడలు నా పాత వాయిల్ చీర కొంగు దాని మీద వేసి, చేత్తో చక్రం తిప్పింది. రెండో చుట్టుకే పెద్ద కంతలోంచి కొంగు లోపలికి జారింది. నా ముగ్గు అంతటితో సరి! పైగా ఆ మెలికల్లో బురద పట్టిందంటే కడగడం ఎవరి తరం?

రెండోసారి సన్నటి నిలువు చీలికలు, మధ్యలో పేరు. ఇక్కడో చిక్కొచ్చింది. మన అక్షరాలు గుండ్రం కదా! రేకులో కోస్తే సున్నా లోపలి ముక్క ఊడి కిందపడిపోతుంది. ముగ్గు అచ్చుల్లో గీతకూ గీతకూ మధ్య చిన్న వంతెన వదులుతారే, అలా వదిలించాను. మూడోసారికి అంచులు నున్నగా గుండ్రం చేసి, కాలు ఆన్చుకునే పెడలు కూడా అందులోనే కలిపాడు. వాయిల్ కొంగు, జార్జెట్ చీర, చున్నీ... ఏదీ లోపలికెళ్లలేదు.

ఆకారాన్ని కూడా 2000 నాటి డిజైన్ల చట్టం కింద పదేళ్లకు నమోదు చేసుకోవచ్చు. మరో అయిదేళ్లు పొడిగించుకోవచ్చు. అయితే అది కొత్తదై ఉండాలి. ముందే నలుగురికీ చూపించి, తరువాత వెళితే కుదరదు. అందుకే దరఖాస్తు పడ్డాకే నన్నిది రాయనిచ్చాడు.

ఇప్పుడు వాడి దగ్గర వెనక సీటున్న ఏ బండీ గార్డు లేకుండా బయటికెళ్లదు. వద్దని వెళ్లిపోయిన కుర్రాళ్లూ ఉన్నారు. ఒకాయన మాత్రం భార్యను వెంటబెట్టుకొచ్చి, ఆవిడ కూర్చుని చూసి "ఊ" అన్నాకే డబ్బు కట్టాడు. గాజులు రెండు ఇంటికొచ్చాయి. ఇంకా రెండు రావాలి.

మొన్న అట్లతద్దికి మా అక్క కొడుకు బండెక్కి మా ఇంటికొచ్చింది. పాతికేళ్లుగా ఆటో తప్ప ఎక్కని మనిషి! దిగి, గార్డు మీది అక్షరాలను చేత్తో తడిమి, "నీ రాతేనా?" అంది.

మీ ఇంట్లో కొత్త బండి కొంటున్నారా? పాతదానికి సోకులు చేయిస్తున్నారా? రంగు మగవాళ్లనే ఎంచుకోనివ్వండి. వెనక సీటు మీద మాత్రం ముందు మీరు కూర్చుని చూడండి. కొంగు మనది కదా!