ఎవరూ నడవని దారిలో రైతు!

పాత పట్టా, ఆధార్, జిరాక్సులు కుక్కిన ప్లాస్టిక్ కవరు. 'పేరు తప్పు పడింది సారూ', 'సర్వే నంబరే కనిపిస్తలేదు'... గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ తహసీల్దారు కార్యాలయాల దగ్గర కొన్నేళ్లపాటు వినిపించిన గోడు ఇది.

ధరణి పోర్టల్ 2020 అక్టోబరు 29న మొదలైంది. రికార్డు సరిగ్గా ఉన్నవాళ్లకు రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకేచోట అయిపోయాయి. చిక్కల్లా తప్పులున్నవాళ్లకే! దిద్దుకునే దారులు మొదట్లో అన్నీ లేవు. ఒక్కొక్కటీ తర్వాత చేరాయి. పాస్‌బుక్కులో సవరణలకు ఉద్దేశించిన టీఎం-33 అలా వచ్చిందే. ఈలోగా పాస్‌బుక్కు లేని రైతుకు రైతుబంధు అందదు, బ్యాంకులో పంటరుణమూ కష్టమే.

నేరమంతా సాఫ్ట్‌వేర్‌ది కాదు. 2017లో మొదలైన భూరికార్డుల ప్రక్షాళనలో దొర్లిన తప్పులూ ఉన్నాయి. అయినా ఆ అనుభవం ఒక పాఠం చెబుతుంది.

స్విచ్చులన్నీ నొక్కారా?

కొత్తింట్లో వంద స్విచ్చులుంటే ఎనభై నొక్కి చూశామనుకోండి. పరీక్ష ఎనభై శాతం అయినట్టు. ప్రోగ్రాములోని వరుసల్లో ఎన్నింటిని పరీక్షించారో చెప్పే ఇలాంటి లెక్కే 'టెస్ట్ కవరేజీ'. 1963 నుంచే దీనిమీద వ్యాసాలున్నాయి. సాధారణంగా ఈ లెక్క విడుదలకు ముందే ముగుస్తుంది. అసలు పరీక్ష మాత్రం అప్పుడే మొదలవుతుంది!

ఉదాహరణకు, ఎకరానికి 40 గుంటలు. పరీక్షించే ఇంజినీరు 'ఎకరం 20 గుంటలు' అని కొట్టి, బాగుందనుకుంటాడు. 39 గుంటల రైతు పక్కన ఇంకో గుంట కొంటే? అది ఎకరం కావాలి, 40 గుంటలుగా మిగలకూడదు. 124/అ/1 లాంటి బై నంబర్లు, ముంబయికి వలసపోయిన వారసుడు... ఊళ్లో ఇవి రోజూ ఉండేవే.

అందుకే విడుదలయ్యాకా లెక్క ఆపొద్దు. జనం నిజంగా ఏ వరుసల మీదుగా వెళ్తున్నారో నమోదు చేసి, పాత పరీక్షలతో పోల్చాలి. జనం నడుస్తున్నా పరీక్ష జరగని దారిని ముందు సరిచూడాలి. పరీక్షించినా ఎవరూ రాని దారి ఉంటే, అది వాళ్లకు కనిపిస్తోందా అని అడగాలి. దిద్దిన ప్రతి తప్పునూ కొత్త పరీక్షగా చేర్చుకోవాలి. దీనికి రైతు పేరూ ఊరూ అక్కర్లేదు, ఏ వరుస పనిచేసిందో తెలిస్తే చాలు.

ఒక్కటే మెలిక. అసలు రాయని వరుసను ఏ లెక్కా చూపించదు. దాన్ని చూపించేది ఫిర్యాదే!

2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. ముందు నాలుగు మండలాల్లో ప్రయోగాత్మకంగా నడిపారు. వాటిలో ఒకటి మన పాత పాలమూరులోని మద్దూరు. జూన్‌లో ఊరూరా రెవెన్యూ సదస్సులు పెట్టి దరఖాస్తులు తీసుకున్నారు. ఆ కాగితాల్లో ప్రతి ఒక్కటీ ఎవరో నడిచి, ఆగిపోయిన దారే.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. సాఫ్ట్‌వేర్‌నైతే జనంలోకి వదిలి చూడాలి. వదిలాక... చూస్తూనే ఉండాలి!