అమ్రాబాద్ పీఠభూమి: పశుపాలకులు, చెంచులు

గుర్రంపై కూర్చొని, చేత ఉచ్చుతాడు పట్టి, వేల పశువులను తోలుకొనిపోయే అమెరికా కౌబాయ్‌ని చలనచిత్రాలలో చూడని విద్యార్థి అరుదు. ఆ చిత్రాలలో అతనికి శత్రువుగా కనిపించేవాడు ఆ నేలకు తొలి హక్కుదారుడైన ఆదివాసి. నేడు యాత్రికులు సెలవులలో ఆ పచ్చిక మైదానాలకు వెళ్ళి, ఉభయుల సంస్కృతిని చూచి వస్తున్నారు. అటువంటి రెండు జీవన విధానాలు మన పూర్వపు మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలలోనే ఉన్నాయని మనలో ఎందరికి తెలుసు? ఆ విషయాన్ని వివరించడమే ఈ వ్యాసోద్దేశం.

ముందుగా చలనచిత్రం చెప్పని చరిత్ర కొంత. 1865లో అంతర్యుద్ధం ముగిసిన పిదప టెక్సాస్ నుండి కాన్సాస్ రైలుస్టేషన్ల వరకు పశువులను నడిపించిన కూలీలే ఈ కౌబాయ్‌లు. వారిలో నల్లజాతివారు, మెక్సికో సంతతివారు అనేకులు. 1874లో జోసెఫ్ గ్లిడెన్ ముళ్ళతీగకు పేటెంటు పొందాడు. తీగ కంచెలు, రైలుమార్గాలు విస్తరించడంతో ఇంచుమించు ఇరవై ఏండ్లకే ఆ పశుయాత్రల యుగం ముగిసింది. ఆ కాలంలోనే బైసన్ మందలు నశించాయి. వాటిపై బ్రతికిన ఆదివాసులు హద్దులు గీసిన భూములకు తరలింపబడ్డారు. మేత భూమి మూతపడితే కాపరీ మిగలడు, అడవి పోతే ఆదివాసీ మిగలడు అన్నదే ఆ చరిత్ర సారాంశం.

ఇక మన సీమకు వద్దాము. హైదరాబాదు నుండి శ్రీశైలం పోయే రహదారిపై మన్ననూరు వద్ద నల్లమల అడవి మనకు స్వాగతం పలుకుతుంది. 2016 జిల్లాల పునర్విభజనతో ఈ ప్రాంతం నాగర్‌కర్నూల్ జిల్లాలో చేరింది. ఇక్కడ కొండకొన నుండి లోయను చూడదగిన స్థలానికి ఫరహాబాద్ అని పేరు. ‘ఫరహ్’ అనగా సంతోషమని ఉర్దూ చదివే మన మిత్రులకు చెప్పనక్కరలేదు.

ఈ పీఠభూమి సొత్తు పొడతూర్పు జాతి పశువులు. తెల్లని ఒంటిపై ఎర్రని పొడలు, అనగా మచ్చలు, వీటి గుర్తు. రాళ్ళగుట్టలెక్కి, దొరికిన మేతతో సరిపెట్టుకొని, ఎండకోర్చి అరక దున్నగల జాతి ఇది. దీనికి 2020లో జాతీయస్థాయి గుర్తింపు లభించింది. వీటిని పెంచేవారిలో లంబాడీలు ముఖ్యులు. పూర్వం వారు ఎద్దులపై ధాన్యం, ఉప్పు వేసుకొని దేశమంతా తిరిగి, సైన్యాలకు, సంతలకు చేర్చేవారు. రైళ్ళు, రహదారులు వచ్చి ఆ వర్తకం పోయిన పిదప పశుపోషణ, సేద్యం వారికి ఆధారమైనాయి. నేడు ట్రాక్టరు రాకతో ఎద్దుకు గిరాకీ తగ్గింది.

నల్లగొండ వైపు వెళితే గొల్ల, కురుమల మందలు కనిపిస్తాయి. దక్కనీ గొర్రె ఉన్నితో నేసిన గొంగడి ఆ కాపరికి వానలో గొడుగు, చలిలో దుప్పటి, రాత్రి పడక. మల్లన్న చరిత్రను డోలు దరువుతో వినిపించే ఒగ్గుకథ వారి పురాణం, వారి విశ్వవిద్యాలయం. సూర్యాపేట సమీపాన దురాజ్‌పల్లి పెద్దగట్టుపై రెండేండ్లకొకసారి జరిగే లింగమంతుల స్వామి జాతరను చూస్తే ఆ సమాజపు ఐక్యత బోధపడుతుంది.

నల్లమలలో తొలి నివాసులు మాత్రం చెంచులు. తేనె, దుంపలు, ఇప్పపూలు, వేట వారి పూర్వజీవనాధారాలు. వారి గూడెమును ‘పెంట’ అంటారు. వారు మాట్లాడేది తెలుగే. అహోబిల నరసింహస్వామి చెంచులక్ష్మిని వరించిన కథను బట్టి ఆ దేవుని అల్లునిగా భావిస్తారు. 1943లో హైమెండార్ఫ్ వీరిపై ప్రకటించిన గ్రంథం ప్రపంచ పండితులకు వీరిని పరిచయం చేసింది. చైత్ర పౌర్ణమికి లోతైన లోయలోని సలేశ్వరం జలపాతం చెంత జరిగే జాతరలో పూజారులు చెంచులే.

నేడు ఈ అడవి 2,611 చదరపు కిలోమీటర్ల పులుల అభయారణ్యం. పులి బ్రతకాలి, కాదనేవారు లేరు. అయితే మేతకు హద్దులు పెరిగినకొద్దీ మంద తగ్గుతుంది. ఊరు కదలిపొమ్మన్న మాట వినిపించినప్పుడెల్లా పెంటలో దిగులు పుడుతుంది. 2006 అటవీహక్కుల చట్టం మేత హక్కునూ, చెంచుల వంటి ఆదిమ సమూహాల ఆవాస హక్కునూ గుర్తించింది. 2019లో యురేనియం త్రవ్వకాలను వ్యతిరేకిస్తూ తెలంగాణ శాసనసభ తీర్మానించింది. కాగితంపై ఉన్న హక్కు పెంటకు చేరినప్పుడే దానికి సార్థకత.

మేము కొందరం ఒక సెలవుదినాన ఈ మార్గాన పోయి, దారిలో కలిసిన ఒక చెంచు వృద్ధుని పేరైనా అడగకముందే కెమెరా ఎత్తాము. ఆయన మౌనంగా ముఖం తిప్పుకొన్నాడు. మాకు తల వాలిపోయింది. ఇంటికి వచ్చిన అతిథిని కుశలం అడిగే మర్యాద మనకుండగా, మనమే అతిథులమై వెళ్ళినచోట దానిని మరచిపోవడం విద్యావంతులకు తగదు.

కనుక విద్యార్థి మిత్రులారా! సెలవులలో నల్లమలకు వెళ్ళండి. పొడతూర్పు ఆవును చూడండి, ఒగ్గుకథ వినండి, కాపరితో కూర్చొని నాలుగు మాటలాడండి. ఆ జీవితాలు మన వినోదం కోసం నిలిచి ఉన్న బొమ్మలు కావు. అవి మనకు పొరుగు. వాటి మేలుకోరడం మన ధర్మం. ఏటా ఒక విద్యార్థి బృందాన్ని అచటికి పంపి, వారు విన్న మాటలను తెలుగులోనూ, ఉర్దూలోనూ ఈ సంచికలో ముద్రింపజేయవలసిందిగా కళాశాల కమిటీ పెద్దలకు మా సవినయ విజ్ఞప్తి.