లాంచీ ఎక్కే ముందు ఏ సైట్ చూడాలి?

కల్లూరు నుంచి భద్రాచలం వెళ్లి, రామయ్య దర్శనం అయ్యాక పోచవరంలో లాంచీ ఎక్కి పాపికొండలు చూసి రావాలనుకుంటున్నారా? గదుల సైట్లు, ఫొటోలు అందరూ వెతుకుతారు. గోదావరి మట్టం చూసేవాళ్లే తక్కువ. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగి 50 మంది దాకా చనిపోయారు. ఆ రోజు నది వరద మీదుంది.

కేంద్ర జల సంఘం వరద సూచనల సైట్‌లో భద్రాచలం నీటిమట్టం ఉంటుంది. లెక్క మీటర్లలో కనిపిస్తుంది, కంగారు పడొద్దు. నీరు పెరుగుతోందా, తగ్గుతోందా అన్నదే ముఖ్యం. భద్రాచలంలో మొదటి ప్రమాద హెచ్చరిక 43 అడుగులకు ఇస్తారు. అంతవరకూ రాకపోయినా, నీరు పెరుగుతుంటే పిల్లలతో ప్రయాణం మానుకోవడమే మేలు. టికెట్ డబ్బులు పోతే పోయాయి! తగ్గినా సరే, లైఫ్ జాకెట్ బిగించుకున్నాకే కూర్చోండి.

వాన కబురు వాతావరణ శాఖ 'మౌసమ్' సైట్‌లో, పిడుగుల హెచ్చరిక 'దామిని' యాప్‌లో దొరుకుతాయి. అడవిలో సిగ్నల్ ఉండదు కాబట్టి గూగుల్ మ్యాప్‌ను ఇంటి దగ్గరే డౌన్‌లోడ్ చేసుకోండి.

ఇది మలేరియా ఉన్న ఏజెన్సీ ప్రాంతం. తిరిగొచ్చాక నెలలోపు చలిజ్వరం వస్తే పారాసిటమాల్‌తో సరిపెట్టకుండా రక్తపరీక్ష చేయించుకోండి. అడవికి వెళ్లొచ్చామని డాక్టరుకు మీరే చెప్పండి.